పెన్సిల్‌తో రాసిన పేరు

"ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?" అని ఇంటింటికీ తిరిగి చెప్పడం జూరాకన్ ఉద్యోగం. కొండల నడుమ ఉన్న ఆ ఊరికి ఆవిడ ఒక్కతే నర్సు. పిల్లల మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ నెలకోసారి నారిన్ పట్నం నుంచి వ్యానులో వస్తుంది. ఆవిడకు చూపించాల్సిన పిల్లల పేర్లు జూరాకనే రాసిపెట్టాలి. రాయించుకునేవాళ్ళేరీ? ఒక్కసారి పేరెక్కిందంటే జన్మంతా పిచ్చివాళ్ళ లెక్కలోనే ఉంటామని, డ్రైవింగ్ లైసెన్సు రాదని, పిల్లనెవరూ చేసుకోరని సోవియట్ రోజులనాటి భయం. ఆ రోజులు పోయాయి గానీ భయం మాత్రం ఇళ్ళల్లోనే కూర్చుంది.

"నీ బిడ్డయితే రాస్తావా అక్కా?" అని మొహానే అడిగింది గొర్రెలకాపరి భార్య ఉపెల్. ఆమె ఏడేళ్ళ కొడుకు, మంద మీద తోడేళ్ళు పడ్డ రోజు నుంచి నోరు విప్పడం లేదు.

"అందరికంటే ముందు రాస్తాను!" అంది జూరాకన్, కన్నార్పకుండా.

పచ్చి అబద్ధం. ఇంట్లో పదకొండేళ్ళ కూతురు బెర్మెత్ జుట్టు పీక్కుంటోంది. ఒక్కో వెంట్రుకా పీకగా పీకగా నడినెత్తిన అరచెయ్యంత మేర బోడిగా తేలింది. తల్లి చేసిన వైద్యమల్లా ఒక నీలం స్కార్ఫ్ కొని బిగించి కట్టడమే. "అబ్బో, ఇంత చిన్నతనంలోనే తల కప్పుకుంటోంది, ఎంత భక్తో!" అని ఇరుగుపొరుగు ముసలమ్మలు మెచ్చుకుంటే కాదనలేదు సరికదా, సంబరంగా నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ఆవిడకు తన మీద తనకే రోత పుట్టేది. అయినా కలం చేత పట్టేసరికి చెయ్యి కదిలేది కాదు.

అక్టోబరు ఆఖర్లో వ్యాను వచ్చింది. మంచుకు కనుమ మూసుకుపోతే మళ్ళీ ఏప్రిల్ దాకా డాక్టరు ఊసే ఉండదు. ఊరి ఆసుపత్రి వసారాలో బెంచీ మీద తల్లులు మొహాలు దించుకుని కూర్చున్నారు. ఉపెల్ కొడుకును గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. బెర్మెత్ బడి నుంచి తిన్నగా వచ్చి అందరికీ టీ పోస్తోంది.

డాక్టర్ చినారా గుమ్మంలో నిలబడి పేర్లు చదివింది. "ఆరయ్యాయి. ఏడోది... ఇదేమిటి, పెన్సిల్‌తో ఉంది? బెర్మెత్. ఎవరి పాప?"

జూరాకన్ కాగితంలోకి తొంగి చూసింది. గుండ్రటి ఆ అక్షరాలు కూతురివే. బెంచీ మీది తలలన్నీ ఇటు తిరిగాయి.

"మా అమ్మాయే డాక్టరమ్మా. ఆటకి రాసుంటుంది, కొట్టేయండి."

బెర్మెత్, తల్లి మొహంలోకి ఒక్కసారి చూసింది.

"అవునండీ, ఆటకే రాశాను. నేను టీ పొయ్యడానికొచ్చానంతే."

గొంతు వణకలేదు. తల్లి పరువు కాపాడటం రోజూ చేసే పనే అన్నట్టు చెప్పేసి, వంగి ఉపెల్ కప్పులో టీ పోసింది. ఛీ, నేనూ ఒక తల్లినేనా అనుకుంది జూరాకన్. డాక్టరమ్మ అప్పటికే కలం తీసింది.

"ఆగండి! కొట్టెయ్యకండి. అది ఆట కాదు. నేనే దాచాను. ఊరందరికీ నీతులు చెప్పి, నా బిడ్డను స్కార్ఫ్ కింద దాచాను."

ఉపెల్ కప్పు కింద పెట్టింది.

"నాకు చెప్పినప్పుడు నోరు బాగానే తిరిగిందే అక్కా నీకు! కళ్ళార్పకుండా ఎంత మాటన్నావు!" అంది. ఉపెల్ లేచి పిల్ల చేతిలోంచి కెటిల్ అందుకుంది. "సర్లే, ముందు మీరే వెళ్ళండి. మావాడికింకా రొట్టె తినడమే అవలేదు."

లోపల డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది.

"ఎప్పటినుంచి?"

"పోయిన చలికాలం నుంచండీ," అంది జూరాకన్.

బెర్మెత్ స్కార్ఫ్ ముడి తనే విప్పుకుంది.

"కాదమ్మా. చలికాలంలో నువ్వు స్కార్ఫ్ కొన్నావు. నేను పీక్కోవడం అంతకుముందు వేసవి నుంచే. నువ్వు చూస్తావేమోనని నీ పక్కనే కూర్చుని పీక్కునేదాన్ని."

డాక్టరమ్మ చలికాలం అన్న మాట కొట్టేసి, వేసవి అని రాసుకుంది.