రాణిగారి వంతు

అలో... అలో... ఇనబడతందా అండీ? ఆఁ, ఇప్పుడు ఇనబడతంది. మా కొబ్బరితోటల్లో సిగ్నలు ఓ సెట్టు కింద ఉంటే ఇంకో సెట్టు కింద ఉండదు, ఏటీ అనుకోకండి. అందరూ బాగున్నారా? అన్నాలు తినీసారా? అయితే ఓ పావుగంట నాకిచ్చీయండి. మా కవిటి రోడ్డు మీద సోడాబండి ఎల్లాజీ ఉన్నాడు కదా, ఆడి కత సెప్తాను.

ఎల్లాజీకి యాభై రెండో మూడో ఉంటాయి. ఇప్పుడంటే తోపుడుబండి గాని, ఒకప్పుడు ఇరవై ఏళ్లు టెక్కలిలో సినిమా హాలు గేటుకాడ గోలీసోడా కొట్టినోడు. ఆ హాల్లో మెషిన్ ఆపరేటరు ఎవరనుకున్నారు? ఆడి సొంత బావ గోవిందరావు, అప్ప, అదే అక్క, రాజులమ్మ మొగుడు. పైన బావ రీళ్లు తిప్పీవోడు, కింద బామ్మర్ది సోడాలు కొట్టీవోడు. ఇంటర్వెల్లు ఇంక రెండు నిమిషాలుందనగా బావ కిటికీ రెక్క టకటకా రెండుసార్లు కొట్టీవోడు. అది ఇని ఎల్లాజీ సీసాలు వరస పెట్టీసీవోడు.

సోడాలకి పేర్లు కూడా బావ పెట్టినవే. ఆ హాల్లో పాత రాజుల సినిమాలు ఎక్కువ ఆడీవి. అందుకని గులాబీ సోడా పేరు రాకుమారి, అల్లం సోడా సేనాపతి, నల్ల జీలకర్ర సోడా మాంత్రికుడు. "రెండు సేనాపతులు, ఓ రాకుమారి కొట్టు" అని అడిగీవోరు జనం. హాలు మూతబడిపోనాది. ఇప్పుడందులో జీడిపిక్కల బస్తాలు పెడతన్నారు. పేర్లు మాత్రం బండి మీద అలాగే ఉండిపోనాయి.

ఆ పేర్లు సూసే ఓ బుధవారం బండికాడ కారు ఆగినాది. దిగినావిడ పేరు మాధవీలత, సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టుకి మేనేజరు. సేనాపతి ఒకటి తాగింది, ఇంకోటి కొట్టించుకుంది.

"ఎల్లాజీ గారూ, ఆదివారం సాయంత్రం మా ఓపెనింగ్. పాత సినిమాలు, రాజుల చరిత్ర, ఈ థీమ్‌తో కాక్‌టెయిల్స్ కావాలి. మీరు చేస్తారా?"

ఎల్లాజీ బుర్ర గోక్కున్నాడు. "కోడితోకలా? నాను సోడాలోణ్ణి మేడమ్, నీసు ముట్టను."

ఆవిడ కళ్లమ్మట నీళ్లొచ్చీదాకా నవ్వింది. కాక్‌టెయిలంటే నాలుగు కలిపే డ్రింకని సెప్పింది. "మందు కావాలన్న వాళ్లకి మా బార్ వాళ్లు కలుపుకుంటారు, అది మీకొద్దు. రుచి మీది, కథ మీది. మూడు చాలు. కానీ గ్లాసుకో కథ ఉండాలండీ. శనివారం సాయంత్రం తెచ్చి రుచి చూపించండి."

ఎల్లాజీ సరేనన్నాడు గాని, కారు ఎల్లిపోనాక ఖాళీ సీసాల కేసి సూత్తా కూకున్నాడు. సేతులు ఆడివి. కతలన్నీ బావవి. ఆ బావ ఇప్పుడు కతలు సెప్పే మనిసిలా లేడు.

మూడేళ్లయి గోవిందరావుకి కిడ్నీల జబ్బు. మా ఉద్దానంలో ఆ మాట ఇనని ఇల్లు లేదు, మీకు తెలిసిందే. సోమారం, గురువారం పలాస ఎల్లి డయాలసిస్ సేయించుకోవాల. వార్డులో మెషిన్లు తక్కువ, మనుసులు ఎక్కువ, అందుకని ఒక్కొక్కరికీ వంతు. అది ఒక ఎత్తు. నీళ్లు ఇంకో ఎత్తు. రోజుకి ఇంతే తాగాలని డాక్టరు సెప్పినాడు. రాజులమ్మ స్టీలు గ్లాసు లోపల మేకుతో గీత గీసి, ఆ గీతదాకే పోస్తాది. ఎనకటికి ఒక్క ఆటకి నాలుగు సోడాలు లాగించీసినోడు, ఇప్పుడు గీత సూసుకొని తాగాల.

గురువారం మజ్జాన్నం అప్ప ఫోన్ సేసింది. ఏడుపు. "ఒరే తమ్ముడూ, మీ బావ ఈవేళ ఎల్లనేదు. ఇంక ఎప్పుడూ ఎల్లడట. నువ్వు బేగి రా."

ఎల్లాజీ పోనాడు. బావ వరండాలో మంచం మీద గోడకేసి తిరిగి ఉన్నాడు. కాళ్లు పొంగిపోయి సెప్పుల్లో పట్టీలా లేవు.

"ఏటి బావా, ఏటిది?"

"ఏటీ లేదు. ఇసుగొచ్చీసినాది."

"ఇసుగొత్తే మానీడానికి అదేటి, సినిమానా?"

"ఒరే, నువ్వు సోడాలోడివి, సోడా కొట్టుకో. గుక్కలు లెక్కెట్టుకుంటా బతికీది నాను. ఎందుకురా, ముసిలోడికి? ఆ మెషినేదో వయసు గుంటడికి ఇత్తే మంచిది కదా."

రాజులమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎల్లాజీకి తిట్టాలనిపించింది, కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఏదీ సేయనేదు. సేసినా బావ ఇనే రకం కాదు. సంచీలోంచి సీసా తీసినాడు.

"సరే బావా. నీ ఇట్టం. నాకో సాయం సేసీ. రిసార్టుకి మూడు డ్రింకులు సెయ్యాల, కతలు లేవు."

"నా ముందర డ్రింకుల ఊసెత్తకురా!"

"నిన్ను తాగమన్నానేటి? నానే తాగుతాను, సూడు." జీడిపళ్లు పిండి సోడా కలిపి తెచ్చినాడు. సీజన్ కదా, తోటల్లో పిక్క తీసుకొని పండు పారేత్తారు, ఊరికే వచ్చినాది. గుక్క గట్టిగా లాగినాడు. అంతే! గొంతు పట్టీసినాది. దగ్గు, కళ్లలో నీళ్లు, మొకం ఎర్రగా కందిపోనాది.

మంచం కిర్రుమంది. బావ ఇటు తిరిగినాడు. భుజాలు ఊగుతన్నాయి. నవ్వతన్నాడు!

"ఓరి ఎర్రి బామ్మర్దీ, గంజి పొయ్యనేదేటి?"

"గం... గంజేటి?"

"జీడిరసంలో సల్లారిన సిక్కటి గంజి పోసి కదపాల. ఓ గంట ఒగ్గీసి ఉంచాల. గొంతు పట్టీ వగరంతా ముద్దయిపోయి అడుక్కి దిగిపోద్ది. పైన తేట గుడ్డలో వడకట్టుకోవాల. మీ అప్పకి తెల్దేటి?"

"నన్నడిగితే కదా!" అంది రాజులమ్మ, కళ్లు తుడుసుకుంటానే. పొద్దుటి అన్నం గంజి గిన్నెలోనే ఉంది. తెచ్చి పోసింది.

గంట గడిసింది. వడకట్టితే ఏటొచ్చినాదనుకున్నారు? మంచినీళ్లలా ఉంది. బావ ఓ సుక్క వేలి కొసన తీసి నాలికకి రాసుకున్నాడు. ఆడి నాలిక అలాంటిది మరి, సోడాలో పంచదార ఓ పలుకు తగ్గినా పట్టీసీవోడు.

"సూత్తే నీళ్లు. తాగితే జీడిపండు. రాజు మారువేసం కట్టి ఊరు తిరుగుతాడే, అలగ. పేరు మారువేసం. కత కూడా అదే. గ్లాసిచ్చినోడు 'ఇవి ఒట్టి నీళ్లే బాబూ' అని ఇవ్వాల. తాగినోడు కిరీటం సూడాల."

ఎల్లాజీ గబగబా ఫోన్లో రికార్డు పెట్టీసినాడు. "మరి రెండోది?"

"సేనాపతి ఉన్నాడు కదా. అల్లం, నిమ్మకాయ, పచ్చిమిరపకాయ నిలువుగా సీల్చి. గ్లాసు మీద రెండు కొబ్బరి ఈనెలు అడ్డదిడ్డంగా పెట్టు, కత్తుల్లాగ. గోలీసోడా ఎదురుగానే కొట్టాల, టప్పుమనాల. ఆ సప్పుడుకి యుద్ధం మొదలు. పేరు కత్తియుద్ధం."

మూడేళ్లలో బావ అంత మాటాడటం అదే మొదలు. రాజులమ్మ లోపలికి ఎల్లకుండా గుమ్మంలోనే కూకుండిపోయింది.

"మూడోది రాజుల చరిత్ర బావా. అసలు చరిత్ర."

గోవిందరావు కాసేపు కొబ్బరాకుల కేసి సూసినాడు. అతను సెప్పింది ఏ కోటో, ఏ రాణో, ఎప్పటి రీల్లో సూసినాడో, అప్పటికప్పుడు అల్లినాడో నాకు తెల్దు. నాను ఇన్నది ఇన్నట్టు సెప్తన్నాను.

"ఓ కోట. సుట్టూ శత్రువులు. లోపల ఒకటే నుయ్యి, అదీ ఎండిపోతంది. రాజు పోనాడు. రాణి ఉంది. ఆవిడ ఏటి సేసిందంటే, ఓ ఉగ్గుగిన్నె తెప్పించింది, పిల్లలకి పాలు పట్టీది. రోజుకి మనిసికి ఆ గిన్నెడే. సేనాపతికీ గిన్నెడే, వంటోడికీ గిన్నెడే, తనకీ గిన్నెడే. దానికి వంతు అని పేరు. గుమ్మంకాడ ఓ ముసిలి కాపలావోడు ఉండీవోడు. ఆడు ఓ రోజు రాణికాడికొచ్చి, 'అమ్మా, నాను ముసిలోణ్ణి, నా వంతు ఆ పిల్లగుంటలకి ఇచ్చీండి' అన్నాడు. అప్పుడు రాణి ఏటన్నాదంటే..."

ఆగిపోనాడు.

"ఏటన్నాది బావా?"

"'వంతు నీది కాదురా ముసిలోడా. నువ్వు కాసీ గుమ్మానిది. తాగు' అన్నాది."

కాకి ఒకటి అరిసింది. గోవిందరావు తన పొంగిన కాళ్ల కేసి సూసుకున్నాడు. తరవాత గుమ్మం కేసి సూసినాడు. గుమ్మంలో రాజులమ్మ ఉంది.

ఎల్లాజీ గొంతు తగ్గించి అడిగినాడు. "మరి ఆడు తాగినాడా?"

"రీలు అక్కడ తెగిపోనాదిరా."

"తెగితే అతికించీవోడివి కదా."

"ఎల్లు ఇంటికి. బుర్ర తినకు."

శుక్రవారం అంతా ఎల్లాజీ గంజి కాసినాడు, ఈనెలు సెక్కినాడు, ఫోన్ కేసి సూసినాడు. ఫోన్ మోగనేదు. తనంతట తను సేద్దామని ఏడుసార్లు తీసి ఏడుసార్లు పెట్టీసినాడు.

శనివారం తెల్లారి అయిదింటికి మోగింది.

"ఏరా, పడుకున్నావేటి? ఆటో తీసుకురా. వార్డులో నర్సమ్మ రమణికి నిన్న నానే ఫోన్ సేసినాను. నాలుగు తిట్లు తిట్టి ఆరున్నరకి వంతు ఇచ్చింది."

ఎల్లాజీ సొక్కా తిరగేసి తొడుక్కొని ఆటో ఎక్కీసినాడు.

మెషిన్ తిరుగుతంది. బావ మంచం మీద, బామ్మర్ది స్టూలు మీద. రెండో డ్రింకుదాకా లెక్క కుదిరింది, మూడోది ఏటి పోయాల? నర్స్ రమణి ఆ పక్కనుంచి అందుకుంది. "మీ ఇద్దరూ ఇక్కడ బార్ పెడతన్నారేటి? సూడండి, కొబ్బరినీళ్లు ఈయనకి విషంతో సమానం. ఉప్పు వద్దు. ఏది తాగినా రోజు లెక్కలోకే."

"మంచు ముక్క, తల్లీ?" అడిగినాడు బావ.

"అదీ నీళ్లే కదా బాబూ, లెక్కలోకే. కానీ నోట్లో నెమ్మదిగా కరుగుద్ది, దాహం తీరతాది. నిమ్మరసం ఓ రెండు సుక్కలు పరవానేదు. డాక్టరు గారిని కూడా అడుగుతాను." అడిగింది. ఆయన నవ్వి, కొలత దాటకపోతే సరేనన్నారు.

అలాగ కుదిరింది మూడోది. మూడు సెంచాల నీళ్లు, రెండు సుక్కల నిమ్మ, పుదీనా ఆకు ఒకటి, అల్లం వాసన తగిలీ తగలనట్టు. ఉగ్గుగిన్నెలో పోసి గడ్డకట్టించీయాల. తాగక్కర్లేదు. నోట్లో పెట్టుకొని కూకోవాల.

సాయంత్రం రిసార్టుకి బావ కూడా నానొత్తానని వచ్చినాడు. మాధవీలత మారువేసం తాగి "అబ్బ!" అంది. కత్తియుద్ధానికి గోలీ టప్పుమంటే ఉలిక్కిపడి చప్పట్లు కొట్టింది. మూడోది సూసి మొకం ముడిసింది. "ఇంతేనా ఎల్లాజీ గారూ? గెస్ట్‌లు నవ్వుతారండీ."

కుర్చీలో నీరసంగా ఆనుకొని ఉన్న గోవిందరావు అన్నాడు. "నోట్లో పెట్టుకోండమ్మా. కొరికీకండి, మింగీకండి. నాను కత సెప్తాను, కత అయిపోయీలోగా అది అయిపోకూడదు."

ఆవిడ పెట్టుకొని కళ్లు మూసుకుంది. బావ నుయ్యి ఎండిపోయిన కోట సెప్పినాడు. కత ముగిసినా ఆవిడ కళ్లు తెరవనేదు. తెరిసినాక అంది, "చివర్న కాదు, దీన్ని ముందు పెడదాం. పేరు?"

"రాణిగారి వంతు," అన్నాడు గోవిందరావు.

ఆదివారం జనం బాగా వచ్చినారు. ఎల్లాజీ సోడా కొడతంటే పక్కన కుర్చీలో బావ కత సెప్తన్నాడు. కొత్త బేచీ రాడానికి రెండు నిమిషాల ముందు కర్రతో బల్ల మీద టకటకా రెండుసార్లు కొట్టీవోడు. ఆ సప్పుడుకి ఎల్లాజీ తలెత్తి బావ కేసి సూసినాడు. ఇన్నేళ్లయి ఇననేదు కదా. సీసాలు వరస పెట్టీసినాడు. ఖరీదు బట్టలోళ్లు కూడా లైన్లో నిలబడి "నా వంతేదండీ?" అని అడుగుతన్నారు.

సోంపేట నుంచి వచ్చిన ఓ పెద్దాయన మంచు బుగ్గలో పెట్టుకొనే అడిగినాడు. "ఇంతకీ ఆ ముసిలోడు తాగినాడా లేదా?"

గోవిందరావు తన ఉగ్గుగిన్నె తీసినాడు. అప్ప ఆ రోజు లెక్కలోంచి తీసి ఉంచినది అది. మంచు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పెద్దాయన ఎదురు సూత్తన్నాడు, ఎల్లాజీ ఎదురు సూత్తన్నాడు, రాజులమ్మ ఎదురు సూత్తంది. అది పూర్తిగా కరిగీదాకా బావ నోరు తెరవనేదు.

తెరిసి ఒకటే మాటన్నాడు. "ఏరా, బండి కట్టు. రేపు సోమారం. నా వంతు."

అదండీ కత. మీ ఎరికలో ఏ ఇంట్లోనయినా లోపల గీత గీసిన స్టీలు గ్లాసు ఉంటే, ఆ ఇంటికి ఈ కత రికార్డు పంపండి. పంపి ఊరుకోకండి, ఓ ఫోన్ కూడా సేసీయండి. "ఈ వారం నీ వంతు ఎప్పుడు?" అని అడగండి, సాలు. ఉంటాను మరి.