వీధివైపు కిటికీ

వాన వెలిసేసరికి పక్కగది కప్పు సగం నేలమీద ఉంది. మంచం పట్టిన అత్తగారిని ఆ సాయంత్రమే ముందుగదిలోకి మార్చబట్టి ప్రాణాలు దక్కాయి. గది కూలిందని ఆవిడకు తెలుసు. ఎందుకు కూలిందో మాత్రం తెలియకూడదని కోడలి తాపత్రయం.

ఆ గదికి వీధివైపు గుడ్డిగోడ ఉండేది. నడుం పడిపోయాక ముసలావిడ, "ఒరేయ్, ఈ గోడని చూసి చూసి నా కళ్లకి సున్నం పట్టిందిరా. వచ్చేపోయే మనుషుల్నన్నా చూడనీ" అంది. కొడుకు తాపీమేస్త్రీ. మర్నాడే గోడ కొట్టి, మంచమంత వెడల్పు కిటికీ పెట్టేశాడు. అప్పట్నుంచి పాలవాడి కొత్త సైకిలు మొదలు ఎదురింటి మొగుడూపెళ్లాల అలకల దాకా ఇంట్లోవాళ్లకు ఆవిడ నోటనే తెలిసేవి.

పని చేయించుకునే ప్రతివాళ్లకీ, "గోడ ముట్టుకునే ముందు ఇన్సూరెన్సువాళ్ల చెవిన వెయ్యండి" అని చెప్పే మనిషి అతను. తన ఇంటికొచ్చేసరికి ఆ మాటే తోచలేదు. అమ్మకు కిటికీ పెట్టడాన్ని అతను పని కింద జమకట్టలేదు.

ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, విరిగిన దూలం దగ్గర వంగి చూశాడు.

"మా ప్లానులో ఇక్కడ గోడ ఉందండీ. కప్పు బరువంతా దానిమీదే. తీసేముందు మాకు చెప్పాల్సింది. ఇప్పుడు క్లెయిము రాదు."

"కాస్త మెల్లగా అన్నయ్యా" అంటూ కోడలు ముందుగది తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరు చేశారీ పని?"

"నేనే" అన్నాడు మేస్త్రీ. "వేరేవాడైతే ఈపాటికి చొక్కా పట్టుకుందును."

సర్వేయరు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. లోపల్నుంచి కేక వినబడింది.

"ఏంటే ఆ గుసగుసలు? నాకేమన్నా సంబంధం చూస్తున్నారా?"

కోడలు కళ్లు తుడుచుకుని తలుపు తీసింది. "డబ్బులొస్తాయంట అత్తయ్యా. వానకే పడిందని రాసుకెళ్లాడు."

అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. కప్పు కూలిన చోట రేకు వేయించే దారి కూడా వాళ్లకు లేదు.

ముసలావిడ మొహం విప్పారింది. "అయితే ముందు నా కిటికీ పెట్టరా. ఈసారి పెద్దది. వీధి మలుపు దాకా కనబడాలి."

మేస్త్రీ మంచం పక్కన కూలబడ్డాడు. రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు.

"ఇంత చాలా అమ్మా?"

"పిసినారీ! ఇంకాస్త."

అతను చేతులు ఇంకా చాపాడు.