చెయ్యెత్తితే ఆగే బండి

లీకు అనే లావుపాటి ఉల్లికాడల్లో మట్టి పొరపొరకీ దాక్కుంటుంది. పైపైన కడిగితే పోదు. నిలువునా చీల్చి, ఒక్కో పొర విప్పి కొళాయి కింద పట్టాలి. ఆ శనివారం పొద్దున్నుంచీ అదే పనిలో ఉన్నాను. వేల్స్ జట్టు రగ్బీ ఆడే రోజు మా అత్తగారూ, మరిది ఇద్రిస్ మా ఇంటికి వస్తారు. ఆట సగంలో విరామం ఇచ్చేసరికి మాంసం పులుసు గిన్నెల్లో పొగలు కక్కుతూ ఉండాలి. ఆట చూడటం వాళ్ళ వంతు, పులుసు చూడటం నా వంతు. "బళ్ళో రోజూ రెండొందల మందికి వండుతావు, ఇంట్లో నలుగురికి వండటం నీకో పనా?" అంటాడు నా మొగుడు అర్వెల్. పెళ్ళయిన కొత్తలో అది మెచ్చుకోలు అనుకునేదాన్ని.

మా అమ్మాయి మాబ్లి పన్నెండున్నర రైలుబండికి వెళ్ళింది. టీచరు చదువు రెండో ఏడు దానికి. సెలవలకి ఇంటికొచ్చి నాలుగు రోజులైనా కాలేదు, హెలెడ్ దగ్గరికి ప్రయాణం కట్టింది. హెలెడ్, ఇదీ అయిదో ఏటి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఇప్పుడు హెలెడ్ పశువుల ఆసుపత్రిలో నర్సు చదువని కొండల అవతల లాన్‌గార్త్‌లో ఒక్కతే గది తీసుకుని ఉంటోంది. నెలకోసారి ఇదైనా అక్కడికి వెళ్ళాలి, అదైనా ఇక్కడికి రావాలి, అలా ఒప్పందం చేసుకున్నారు. మొదట్లో హెలెడ్ పంపే వాయిస్ మెసేజీలు పది నిమిషాలుండేవి. మాబ్లి వంటింట్లో పెట్టి వినేది, ఆ నవ్వుకి నేనూ నవ్వేదాన్ని. క్రిస్మస్ తర్వాత అవి రెండు ముక్కలయ్యాయి. ఆ తర్వాత ఒట్టి బొమ్మలు. గురువారం నాడు మాత్రం ఒక మాట వచ్చింది: "శనివారం వస్తావుగా?" మాబ్లి భుజం మీంచి నేనూ చదివాను. చేతిలో ఉన్న పళ్ళెం మళ్ళీ కడిగాను, అప్పటికే కడిగిందని గుర్తు లేక.

మా లైన్లో చిన్న స్టేషన్లన్నీ చెయ్యెత్తితేనే ఆగేవి. ఎక్కేవాళ్ళు డ్రైవరుకి కనబడేలా చెయ్యి చాపి నిలబడాలి. దిగేవాళ్ళు ముందే గార్డుకి చెప్పాలి. రెండూ జరక్కపోతే బండి వేగం కొంచెం తగ్గించి, కూతేసి వెళ్ళిపోతుంది. ఈ పిల్లలిద్దరూ దాన్నీ ఆటగా మార్చుకున్నారు. వెళ్ళేది గార్డుకి చెప్పదు. రప్పించుకునేది ప్లాట్‌ఫాం మీద చెయ్యెత్తి నిలబడి బండిని ఆపుతుంది.

"ఈసారికి గార్డుకి చెప్పవే," అన్నాను గుమ్మంలో.

"హెలెడ్ ఆపుతుందమ్మా. ఎప్పుడూ ఆపుతుందిగా."

"అది జ్వరంతో పడుకుంటే? దారిలో కాలు బెణికితే?"

"నీకు ఇంకేం తట్టలేదా? పిడుగు పడితే?" అని నా బుగ్గ గిల్లి వెళ్ళింది. పిడుగు సంగతి కూడా తట్టింది. చెప్పలేదు.

రెండుంపావుకి ఆట మొదలు. ముందు గదిలో జాతీయగీతం వస్తోంది. అర్వెల్, ఇద్రిస్, అత్తగారు ముగ్గురూ టీవీ ముందు లేచి నిలబడి గొంతెత్తి పాడుతున్నారు. నా ఫోను మోగింది.

"అమ్మా, బండి ఆగలేదు."

"పడ్డావా? దెబ్బ తగిలిందా?"

"పడలేదమ్మా, విను. లాన్‌గార్త్‌లో ఆగలేదు. ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు. తర్వాతి స్టేషన్ అబెర్‌నాంట్‌లో దిగాను. ఇక్కడ ఒక బెంచీ ఉంది, అంతే. ఊరు కూడా కనబడట్లేదు."

"హెలెడ్?"

"తొమ్మిదిసార్లు చేశాను. మోగి మోగి ఆగిపోతోంది." దాని గొంతు సన్నబడింది. "నడిచి వెళ్ళిపోతానమ్మా. తొమ్మిది మైళ్ళేగా."

"అక్కణ్ణించి కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా," అన్నాను. నా భయానికి వచ్చిన భాష అదొక్కటే.

ముందు గదిలోకి వెళ్ళి విషయం చెప్పాను. అర్వెల్ కళ్ళు టీవీ మీంచి కదల్లేదు గానీ నోరు నవ్వింది. "తల్లికి తగ్గ కూతురు! ఇద్రిస్, విన్నావుగా? వంశంలో ఉందిరా ఇది."

ఇక ఆ కథ మొదలైంది. మా పెళ్ళినాడు విందులో గ్లాసు పైకెత్తి చెప్పిన కథ, ముప్పై రెండేళ్ళుగా ప్రతి పండక్కీ, ప్రతి పుట్టినరోజుకీ చెప్పే కథ. "పంతొమ్మిదేళ్ళ పిల్ల, సంచీ సర్దుకుని స్టేషన్‌కొచ్చింది. ఎదురుగా బండి వస్తోంది. చెయ్యెత్తడం మర్చిపోయింది! బండి పోయింది, నాకు పెళ్ళాం దొరికింది."

"వదినా," అన్నాడు ఇద్రిస్ బీరు తాగుతూ, "మీ ఇంటి ఆడవాళ్ళకి చెయ్యెత్తడమూ రాదు, నోరెత్తడమూ రాదా?"

"నోరెత్తకపోవడమే మేలు, ఊరుకో," అన్నారు అత్తగారు. "దాని వల్లే ఇల్లు నిలబడింది."

ముగ్గురూ నవ్వారు. నేను కూడా ఎప్పటిలాగే నవ్వబోయాను. ఆ నవ్వు నా మొహం మీద అలవాటుగా కూర్చుంటుంది, ఎప్పుడు వచ్చిందో నాకే తెలియకుండా.

"హెలెడ్ ఫోను ఎత్తట్లేదు అర్వెల్. మనం వ్యాన్లో వెళ్ళొద్దాం."

"ఇరవయ్యేళ్ళ పిల్ల, శనివారం. ఇంకా మంచం దిగి ఉండదు. నీకు మూసిన తలుపు కనిపిస్తే చాలు, వెనకాల శవం ఉందంటావు. మాబ్లిని నాలుగున్నర బండికి ఇంటికి వచ్చెయ్యమను."

"అది గురువారం నాడు పెట్టిన మాట చూశావా?"

"ఆట అవనీ. నాలుగింటికల్లా అయిపోతుంది. అప్పుడు చూద్దాం."

పొయ్యి కట్టేశాను. మేకుకి వేలాడుతున్న వ్యాను తాళాలు తీసుకున్నాను. ఆ వ్యానుని నేను బడి దాకా, కొట్టు దాకా నడిపాను గానీ కొండ రోడ్డు ఎక్కించలేదు. వెనకాల అర్వెల్, "నెరిస్! ఏయ్, పిచ్చా నీకు? ఆ మలుపుల్లో నువ్వా?" అంటున్నాడు. లేచి రాలేదు. అప్పుడే ఎవరో బంతి అందుకుని పరిగెత్తినట్టున్నారు. అత్తగారి గొంతు మాత్రం గుమ్మం దాకా వచ్చింది: "మరి పులుసెవరు పోస్తారు?"

కొండ మీద ప్రతి మలుపులోనూ ఒకసారి చచ్చాను. ఎదురుగా లారీ వచ్చిందనుకున్నాను, రాలేదు. గొర్రెలు అడ్డంపడతాయనుకున్నాను, నిజంగానే పడ్డాయి. అద్దంలో వెనక సీటు వైపు చూడటానికి భయమేసింది. ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది నాకు, ఒంటరిగా ఉన్నప్పుడల్లా. నీలం కోటు, ఒళ్ళో చేతులు. ఏమీ అడగదు. బడి వంటశాలలో పెద్ద గిన్నెలు తోముతుంటే గిన్నె అడుగున ఆ నీలం కనబడుతుంది. మాబ్లి పుట్టిన రోజు మంచం పక్కన కూడా కనబడింది. నా భయాలన్నీ ఆ కోటు జేబులోంచి వచ్చినవే.

అబెర్‌నాంట్‌లో మాబ్లి బెంచీ మీద లేదు. రోడ్డు మీద అర మైలు నడిచి వచ్చేసింది. కాళ్ళు విరగ్గొట్టలేదు. ఎక్కగానే ఏడుపు మొదలెట్టింది.

"నా తప్పేనమ్మా. గార్డు నా పక్కనుంచే రెండుసార్లు వెళ్ళాడు. నోరు తెరవలేదు. అచ్చం నీలాగే. నాన్న చెప్పే కథలో నువ్వు మర్చిపోయినట్టే."

వ్యాను గేరు మార్చబోయి ఆగాను.

"నేను మర్చిపోలేదు," అన్నాను.

ఆ మాట నా గొంతులోంచి రావడం నేనే మొదటిసారి విన్నాను. తర్వాతివి దాని వెనకే వచ్చేశాయి. ఆ రోజు అర్వెల్ నన్ను సాగనంపడానికి వచ్చాడు. అప్పటికి మా పరిచయం మూడు నెలలు. నా ఎడమ చేతిలో సంచీ, కేకుల డబ్బా. మలుపు తిరిగి బండి కనబడగానే కుడి చెయ్యి ఎత్తబోయాను. అతను మణికట్టు పట్టుకున్నాడు. "ఏదీ, ఎత్తు చూద్దాం," అన్నాడు, సరసంగా. విదిలించాను. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. సంచీ కింద పడేస్తే ఎడమ చెయ్యి ఎత్తొచ్చు. డబ్బాలో కేకులు నలుగుతాయేమోనని చూశాను. అతను నవ్వుతున్నాడు, కోపం తెచ్చుకుంటే బాగుండదేమోనని నేనూ నవ్వాను. డ్రైవరుకి ఏం కనబడి ఉంటుంది? నవ్వుకుంటున్న జంట. కూతేసి వెళ్ళిపోయాడు. ఆదివారం బళ్ళు లేవు.

మాబ్లి ఏడుపు ఆగింది. "ఎక్కడికి వెళ్తున్నావమ్మా అప్పుడు? నాన్న ఎప్పుడూ చెప్పలేదు."

"మాంచెస్టర్‌కి. గ్వెనన్ దగ్గరికి."

"గ్వెనన్ ఎవరు?"

ఇరవయ్యేళ్ళు నేను పెంచిన పిల్ల. నా చేతి వంటలూ, నా జ్వరాలూ, నా భయాలూ అన్నీ దానికి తెలుసు. ఆ పేరు తెలియదు.

గ్వెనన్‌దీ నాదీ పక్కపక్క ఇళ్ళు. నేను పక్క ఊళ్ళో వంటల కాలేజీకి వెళ్తే, తను నీలం కోటు వేసుకుని మాంచెస్టర్‌కి నర్సు చదువుకి వెళ్ళింది. వారానికో ఉత్తరం. మొదట ఎనిమిదేసి పేజీలు, వార్డులో ముసలాళ్ళ జోకులూ, హాస్టల్లో ఎలుకలూ. తర్వాత రెండు పేజీలు. తర్వాత ఒక కార్డు ముక్క: "శనివారం రా నెరిస్. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను." బండి తప్పిపోయాక హాస్టల్ వరండాలో ఉండే ఫోనుకి చేశాను. ఎవరో అమ్మాయి తీసి, చెప్తాలెండి అంది. చెప్పిందో లేదో. సోమవారం పొద్దున వాళ్ళ నాన్న మా గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. కిటికీ తుడుస్తూ జారిపోయిందమ్మా అన్నాడు. మూడో అంతస్తు. ఆదివారం సాయంత్రం కిటికీ ఎవరు తుడుస్తారని ఎవరూ అడగలేదు. ఊరంతా ఆ మాటే అంది. నేనూ అదే అన్నాను. ఏడాది తిరక్కుండా అర్వెల్ ఇంటికి కోడలిగా వెళ్ళాను.

"నాన్నకి తెలుసా?" అంది మాబ్లి.

"నేనెక్కడికి వెళ్తున్నానో తెలుసు. ఎవరు పోయారో తెలుసు. రెంటినీ కలిపి ఆలోచించే పని నాకు వదిలేశాడు."

లాన్‌గార్త్‌లో హెలెడ్ గది ఒక పాత రాతి ఇంటి వెనక ఉంది. తలుపు గడియ పెట్టి లేదు. మాబ్లి కంటే ముందు నేను తోశాను. ఏదైనా చూడవలసి వస్తే ముందు నేనే చూడాలని.

హెలెడ్ నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కోటు వేసుకుంది, గుండీలన్నీ పెట్టుకుంది. ఒక కాలికి బూటు, ఇంకో బూటు చేతిలో. ఫోను మంచం మీద బోర్లా పడి ఉంది. తల జిడ్డుతో అట్టలు కట్టింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోను కూడా లేదు.

"వద్దామనే బయల్దేరాను," అంది. "కోటు వేసుకున్నాను. ఒక బూటు తొడుక్కున్నాను. రెండోది చేతకాలేదు. బండి కూత వినబడింది. వెళ్ళిపోవడం కూడా వినబడింది."

మాబ్లి వెళ్ళి దాని పక్కనే నేల మీద కూర్చుంది. "గార్డుకి చెప్పలేదే నేను. తిట్టు," అంది. హెలెడ్ తిట్టలేదు. తల వాల్చి మాబ్లి భుజం మీద పెట్టింది. ఆ తల బరువు ఎంతుందో మాబ్లి భుజం కుంగడంలో తెలిసింది.

"నాలుగింటి దాకా చూద్దామనుకున్నాను," అంది హెలెడ్ కళ్ళు మూసుకుని.

గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాలుగయ్యాక ఏమిటని నేను అడగలేదు. మంచం పక్కన బల్ల మీద పశువుల మందుల సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. చదువు కోసం తెచ్చుకున్నవే కావచ్చు. అన్నీ సంచీలో వేసి, వ్యాన్లో సీటు కింద పెట్టి, తాళం వేసి వచ్చాను. డాక్టరుకి ఫోను చేశాను. గంటలో వస్తానన్నాడు.

ఆ తర్వాత అర్వెల్ ఫోను. వెనకాల అరుపులు వినబడుతున్నాయి, ఆట అయిపోయినట్టుంది.

"గెలిచాం! ఎక్కడున్నావ్? ఆ పిల్ల నిద్రపోతోందా, నేను చెప్పినట్టు?"

"మేలుకునే ఉంది."

"చూశావా! ఊరికే కొండెక్కావు. చీకటిపడేలోగా వచ్చెయ్యి, వ్యాను జాగ్రత్త."

"ఇవాళ రాను. రేపు కూడా రానేమో. దాన్ని వదిలి ఎప్పుడు రావాలో అదే చెప్తుంది." అవతల ఏదో అనబోయాడు. "అర్వెల్, ఆ బండి కథ ఇంకెప్పుడూ చెప్పకు. చెప్తే మిగతా సగం నేను చెప్తాను," అని పెట్టేశాను.

నీళ్ళు కాచాను. హెలెడ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి తల రుద్దుతుంటే గడియారం నాలుగు దాటింది. నాలుగూ పది, నాలుగుంపావు. హెలెడ్ కూడా దాన్నే చూస్తోందని నా చేతికి తెలుస్తోంది. ముప్పై రెండేళ్ళుగా గ్వెనన్ ఎలా పోయిందోనని భయపడుతూనే బతికాను. ఆ శనివారం తను కోటు వేసుకుని, నా కోసం ఎన్నింటి దాకా చూద్దామనుకుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.