చీమలు పట్టని బెల్లం

తెల్లారేసరికి గవరపాలెం వీధిలో గంగాభవాని గ్రైండరు మోగాల్సిందే. నానిన మినప్పప్పు అందులో పోసి, పక్కన పీట వేసుకుని కూర్చుని, ఇడ్లీ పిండికి వచ్చే ప్రతి మనిషినీ కిందనుంచి పైదాకా చూసేది. పది రూపాయల బిళ్ల ఇస్తే రెండువైపులా తిప్పి చూసిగానీ డబ్బాలో వేసేది కాదు. అనుమానం పెనుభూతం అంటారు. గంగాభవాని ఆ భూతానికి రోజూ పొద్దున్నే టీ పోసి మరీ పెంచింది. పాపం, ఊరికే పెంచలేదు. మొగుడు పోయిన ఏడాది మరిది తెచ్చిన కాగితం మీద చదవకుండా వేలిముద్ర వేసి, మునగపాకలో చెరకు తోట పోగొట్టుకుంది.

అనకాపల్లిలో చీమల సంగతి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎవరి సొమ్ము ఎక్కడ కరిగిపోతుంటే అక్కడికి చీమలు చేరతాయి. బెల్లం మార్కెట్లో తూకం తేడాగా ఉంటే కాటాకి పడతాయి. చీటీ పాటలో ఎవరికైనా టోపీ పడుతుంటే వాళ్ల చీటీ కార్డుకే పడతాయి. దొంగ ఎవరన్నది వాటికి అనవసరం, కరిగే సొమ్మే వాటికి కావాలి. జనం వాటిని చూసి, తెలుసుకోవలసింది తెలుసుకుని, దులిపేసి తమ పని చూసుకుంటారు.

తోట పోయిన చాలా ఏళ్లకి గంగాభవానికి మిగిలిన కాస్త జాగా రోడ్డు కింద పోయి, పరిహారం బ్యాంకులో పడింది. సరిగ్గా అప్పుడే కుడి భుజం లేవడం మానేసింది. పిండి గిన్నెలు ఎత్తడం ఆపకపోతే చెయ్యి పూర్తిగా పడిపోతుందని డాక్టరు చెప్పాడు. పిల్లల్లేరు. ఈ సొమ్ము పెరిగితే గ్రైండరు కట్టేసి కూర్చోవచ్చు. పోతే పోయేదాకా రుబ్బుకోవలసిందే. అందుకని బ్యాంకువాడు ఆ సొమ్ము తమ ఫండులో పెట్టమని నవ్వుతూ ఫోన్ చేసినప్పుడల్లా ఆమె ఏదో వంక చెప్పి పెట్టేసేది.

వెనక వీధిలో ఉండే జాయ్స్, ఆసుపత్రిలో నర్సు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ పిండికి ఆగి, తన జీతంలోంచి తను ఎక్కడ దాస్తుందో చెప్పింది.

"దీన్ని ఇండెక్స్ ఫండు అంటారక్కా. పెద్ద కంపెనీలు యాభై ఉంటే అన్నిట్లోనూ కాస్త కాస్త కొంటాది. ఏది కొనాలో తల బద్దలు కొట్టుకునే మేనేజరు అక్కర్లేదు. అందుకే కూలి తక్కువ."

"ఆ కూలి ఎవులిత్తారు?"

"నీ సొమ్ములోంచే కోసుకుంటారు. ఏడాదికి వందకి ఇరవై పైసలు. మీ బేంకాయన సెప్పే ఫండులో అయితే రూపాయిన్నర పైనే."

గంగాభవాని వట్టి మాటలు నమ్మే మనిషి కాదు. తన ఫోన్ జాయ్స్ చేతికిచ్చి, బ్యాంకువాడు పంపిన ఫండు పేజీ తెరిపించి గడప మీద పెట్టించింది. గోడ పగుల్లోంచి చీమలు వేలు లావున బారుకట్టి వచ్చి ఫోన్ కప్పేశాయి. దులిపి, ఇండెక్స్ ఫండునే ఏజెంటు కమీషన్ కలిపి అమ్మే ఒక యాప్ తెరిచారు. సగం వచ్చాయి. కమీషన్ లేకపోయినా ఖాతాకి ఏడాదికింత అని వసూలు చేసే ఇంకో యాప్ పెడితే అందులో సగం. చివరికి ఆ ఫండువాళ్ల సొంత సైట్లోనే డైరెక్టుగా కొనే పేజీ పెట్టారు. నాలుగు చీమలు వచ్చాయి. తొందరేమీ లేనట్టు నడిచి అక్కడే తచ్చాడాయి.

"ఇంత సవగ్గా ఎందుకిత్తన్నారు? ఇందులో ఏదో ఉన్నాది," అంది గంగాభవాని. "నీకేటొత్తాది దీనివల్ల?"

"ఏటీ రాదు. ఇంత సెప్పినందుకు ఒక పిండి ప్యాకెట్టు ఊరికే ఇస్తావేటి?"

"ఇవ్వను."

"తెలుసు," అని జాయ్స్ డబ్బులిచ్చింది. "ఇది పెరుగుతాది, పడతాది కూడా అక్కా. ఏడేళ్లు ముట్టుకోనన్న సొమ్మే పెట్టు. మిగతాది బేంకులోనే ఉంచుకో."

పడతాదన్న ముక్క విన్నాక గంగాభవానికి రెండ్రోజులు నిద్ర లేదు.

మూడోనాడు తారక్ వచ్చాడు. వాడు చచ్చిపోయిన అక్క కొడుకు. ఈ ఇంట్లోనే పెరిగాడు, ఈ పిండి అట్లే తిని డిగ్రీ చదివాడు. రింగు రోడ్డులో కొత్తగా తెరిచిన పెట్టుబడుల ఆఫీసులో చేరి నెల కాలేదు. గంగాభవాని టీ కలిపి తెచ్చేలోపు ఆఫీసువాళ్లిచ్చిన టేబ్‌లో తమ స్కీము పేజీ తెరిచి, స్టూలు మీద సర్ది కూర్చున్నాడు.

"మా దగ్గర చార్జీలు సున్నా పిన్నీ. పడిపోడం అన్నదే లేదు. నెలనెలా వందకి మూడు రూపాయలు సేతికిత్తారు. నువ్వే నా మొదటి కస్టమరువి. నువ్వు చేరితే వీధి వీధంతా చేరతాది."

గంగాభవాని టేబ్ వంక చూసింది. ఒక్క చీమ లేదు. ఒక్క క్షణం ఆమె మనసు ఎగిరి గంతేసింది. గ్రైండరు అమ్మేసి, తెల్లారి ఏడింటిదాకా పడుకుని, పక్కింట్లో ఇడ్లీలు కొనుక్కు తింటున్నట్టు కూడా ఊహించుకుంది. అంతలోనే ఊహ చేదెక్కింది. ఆమె బెల్లం వండే ఇంట్లో పుట్టింది. బంగారంలా మెరిసే బెల్లానికి చీమలు పట్టకపోతే, దాన్లో మందు కలిసిందని వాళ్ల నాన్న గేదెకి కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

ఈసారి స్టూలు చుట్టూ చూసింది. తెల్లగా సన్నటి గీత ఉంది. తారక్ వేళ్లకి సుద్ద అంటుకుని ఉంది.

లోకంలో అందర్నీ అనుమానించింది గానీ వీణ్ణి ఎప్పుడూ అనుమానించలేదు. తెచ్చిన టీ వాడికివ్వకుండా కింద పెట్టేసింది.

"ఆ గీతేట్రా?"

"చీమల సుద్ద. ఆఫీసులో అందరికీ ఒక డబ్బా ఇచ్చేరు. చీమలు దూరి టేబ్‌లు పాడైపోతన్నాయంట. ఎక్కడికెళ్లినా ముందు ఇది గియ్యమన్నారు."

వాడి ముఖంలో కల్లాకపటం ఏదీ కనిపించలేదు. కనిపించకపోవడం కూడా అనుమానమే అనుకుంది గంగాభవాని. తడిగుడ్డ తెచ్చి గీత తుడిచేసింది.

చీమలు బారు కట్టలేదు. గోడల్లోంచి, గచ్చులోంచి, పైకప్పు సందుల్లోంచి ముసురుకుని వచ్చాయి. టేబ్ ఎక్కడుందో తెలియకుండా పోయింది. అక్కడితో ఆగలేదు. స్టూలు దిగి తారక్ కాళ్ల మీదుగా పాకి, చొక్కా జేబులో ఉన్న వాడి సొంత ఫోన్ మీదికి ఎక్కాయి. జేబు నల్లబడిపోయింది.

గంగాభవాని చేతిలోంచి తడిగుడ్డ జారిపోయింది.

"నువ్వు కూడా ఇందులో సొమ్మెట్టేవేట్రా?"

తారక్ జేబు వంక చూస్తూనే ఉన్నాడు. "ధనశ్రీ నగలు తాకట్టెట్టి ఎట్టేను పిన్నీ," అన్నాడు, పెళ్లాన్ని తలుచుకుంటూ. "స్టాఫు ముందు పెడితేనే జనం నమ్ముతారన్నారు."

దొంగ అనుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది, వాడు దొంగ కానందుకు ఏడుపొచ్చింది. ఆ రెండూ అయ్యాక ఒళ్లు మండింది. గ్రైండరు కట్టేసి, వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ఆ ఆఫీసు గుమ్మానికి కూడా తెల్లగీత ఉంది. గంగాభవాని గుమ్మంలో నిలబడి నీళ్ల సీసా మూత తీసింది.

"మావోడి సొమ్ము ఇత్తావా, ఈ గీత కడిగీమంటావా?"

మేనేజరు బయట తిరిగే జనాన్ని చూశాడు, సీసాని చూశాడు. మూడు నెలలదాకా సొమ్ము తియ్యకూడదన్న నిబంధన ఉందని ఒకటికి రెండుసార్లు గొణిగాడు. ఆమె గీత మీదికి సీసా కాస్త వంచింది. సాయంత్రంలోగా తారక్‌కి మూడొంతులు వెనక్కి వచ్చింది. సొమ్ము అందాక గంగాభవాని గీత కడిగే వచ్చింది. ఇచ్చిన మాట మాటే గానీ, ఇందులో పెట్టిన పొరుగువాళ్ల సొమ్ము సంగతేటని తారక్‌తో వాదించింది. ఆ గుమ్మం దాటుతున్న చీమల్ని జనం చూశాక, వారం తిరక్కుండా ఆ షట్టరు దిగిపోయింది. అప్పటికి తారక్ ద్వారా ఇంకా ఎవరూ చేరలేదు గనక వాడి కోసం ఏ పోలీసూ రాలేదు.

మరుసటి ఆదివారం జాయ్స్ వచ్చి, గడప మీద కూర్చుని, గంగాభవాని పేరున ఆ ఇండెక్స్ ఫండు ఖాతా తెరవడం మొదలుపెట్టింది. నాలుగు చీమలూ వచ్చి ఫోన్ అంచున తిరుగుతున్నాయి. గంగాభవాని వాటిని దులపలేదు. వెనక తారక్ పిండి గిన్నె ఎత్తి బల్ల మీద పెడుతున్నాడు.

"నామినీ పేరు అడుగుతోందక్కా," అంది జాయ్స్. "నీ తరవాత ఈ సొమ్ము ఎవరికి చెందాలో వాళ్ల పేరు."

"తారక్ అని రాయి."

గిన్నె బల్లకి తగిలి చప్పుడైంది. వాడు అటే తిరిగి నిలబడి అడిగాడు.

"నా మీద అనుమానం లేదా పిన్నీ?"

గంగాభవాని వాణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"ఉన్నాదిరా," అంది. "అయినా రాయి, జాయ్సమ్మా."