పై అంతస్తు గొంతు

ఆసుపత్రి దుప్పట్లన్నీ తెల్లవారేసరికి నేలమాళిగలో ఉన్న లాండ్రీకి దిగుతాయి. చక్రాల బండ్ల మీద గుట్టలుగా వచ్చిన వాటిని విప్పి, మరకలున్నవి ఒక పక్కకి, లేనివి ఇంకో పక్కకి విసిరి, పెద్ద మిషన్లలో కుక్కేది బొంగురక్క. ఆరిన వాటిని వేడి రోలర్ల మధ్యలోకి తోసి, అవతలినుంచి నున్నగా, పొగలు కక్కుతూ వచ్చినప్పుడు అంచులు కలిపి మడతపెట్టేది పాటమ్మ. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక బల్ల మాత్రమే. ఆ బల్ల మీదుగా వేల దుప్పట్లు చేతులు మారాయి కానీ, నాలుగు మాటలు మారింది తక్కువ.

అసలు పేర్లు జీతాలిచ్చే వాళ్లకి తెలుసేమో. మిషన్ల హోరు మీద అరిచి అరిచి గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లలా తయారైంది కాబట్టి ఆవిడ బొంగురక్క. "ఆ దిండు గలీబు ఇలా ఇవ్వండి" అన్నా వినేవాళ్లు ఒక్క క్షణం పని ఆపేసేంత గొంతు కాబట్టి ఈవిడ పాటమ్మ.

మాటలు తక్కువ కావడానికి కారణం ఆసుపత్రి వెనక సందులోని మేడ. అందులో పై అంతస్తు పాటమ్మ వాళ్ల ప్రార్థన గది, కింది అంతస్తు బొంగురక్క వాళ్లది. పైవాళ్లు దేవుణ్ణి గొంతెత్తి పాడి పిలుస్తారు. కిందివాళ్లు నోరు మూసుకుని కూర్చుంటారు. దేవుడి పేరు పైకి అనడం వాళ్ల మతంలో లేదు. పైకి అంటే ఆ పేరు మామూలు గాలిలో కలిసిపోతుందని వాళ్ల నమ్మకం. సెలవు రోజు పొద్దున రెండు గదులూ ఒకే వేళకి నిండుతాయి. పైన పాట ఊపందుకుంటే కాళ్లు కూడా తాళం వేస్తాయి. కింద మౌనంగా కూర్చున్న వాళ్ల నెత్తిన సున్నం రాలుతుంది. అప్పుడు చీపురు కర్ర తీసుకుని పైకప్పును పొడిచేది బొంగురక్కే. పొడిచిన ప్రతిసారీ పైన ఇంకాస్త గొంతు పెంచేది పాటమ్మ వాళ్ల నాన్న. పాటలు నడిపించే పెద్ద ఆయనే.

నిజానికి బొంగురక్కకి పాటంటే పగేమీ లేదు. కొట్టుకి వెళ్లినా బస్సెక్కినా "ఏమ్మా, జలుబు చేసిందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నోరు విప్పనక్కర్లేని ఆ కింది గదిలో మాత్రమే ఆవిడ గొంతు సంగతి ఎవరికీ పట్టదు. ఆ కాస్త ప్రశాంతత కోసమే ఆవిడ పోరాటం.

ఇలా ఉండగా ఒక పొద్దున బొంగురక్క అలవాటుగా, "ఎవరక్కడ! నీళ్లు పొర్లిపోతున్నాయి, కుళాయి కట్టెయ్యండి!" అని కేకేసింది. తేనెలా వచ్చింది కేక. గదిలో అందరూ పాటమ్మ వైపు తిరిగారు. "నన్నెందుకు చూస్తారు?" అంది పాటమ్మ. అది గులకరాళ్ల మోత.

లాండ్రీ మేస్త్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మారిపోయాయా? సరే. ముందా కుళాయి కట్టండి."

పైనుంచి చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు వచ్చి ఇద్దరి నోళ్లలోకీ లైటు వేసి చూశారు. "రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఎవరివి వాళ్లకి ఎప్పుడు చేరతాయో చెప్పలేను. చల్లటివి తాగకండి" అని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి ఆ వార్త పాతబడింది. కొత్త గొంతులతోనే పని నడిచింది.

పాటమ్మకి మాత్రం అది పాతబడే సంగతి కాదు. అంతకు కొద్ది రోజుల ముందే వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చి అదే ఆసుపత్రి పై వార్డులో చేర్చారు. ఆయన కళ్లు తెరవడం లేదు. చెంచాతో నీళ్లు పోస్తే పెదవి పక్కనుంచి జారిపోతున్నాయి. "మీ గొంతు వినిపిస్తూ ఉండండి. ఇప్పుడు ఆయనకున్న దారి అదొక్కటే. గుటక వేయడం మొదలుపెడితే మిగతాది మేం చూసుకుంటాం. లేకపోతే కష్టం" అన్నారు అక్కడి డాక్టరు. గొంతు మారిన సాయంత్రం పాటమ్మ మంచం పక్కన కూర్చుని, "నాన్నా, నేనే" అంది. ఆయన ముఖం చిట్లించి అటు తిప్పుకున్నాడు.

మర్నాడు పాటమ్మ మడతపెట్టడం ఆపేసి బల్ల దగ్గరే నిలబడింది.

"అక్కా, మీతో ఒక మాట."

"దుప్పట్ల సంగతా?"

"గొంతు సంగతి."

బొంగురక్క చేతిలోని మూట దించింది. "నేను కావాలని తీసుకున్నానా? తిరిగిచ్చే దారి చూపించు, ఈ క్షణమే తీసుకుపో."

"తిరిగివ్వక్కర్లేదు. మా నాన్న దగ్గరికి ఒకసారి తీసుకురండి, చాలు."

బొంగురక్క ఆ ముఖం వంక చూసింది. ఇన్నాళ్లూ పైకప్పు అవతల ఉన్న మనిషిగానే తప్ప ఒకరి కూతురిగా ఆవిణ్ణి తలుచుకున్నది లేదు. చేతులు తుడుచుకుని బయల్దేరింది.

మంచం పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తోచక, "బయట ఎండ బాగా కాస్తోందండీ. దుప్పట్లు త్వరగా ఆరుతున్నాయి" అంది. ఆయన కనురెప్ప అదిరింది. అంతే, మళ్లీ కదల్లేదు. ఎంత మాట్లాడినా అంతే.

"ఆయనకి నేను మాటలతో తెలియను. ఇంట్లో మేం మాట్లాడుకున్నదే తక్కువ. పాటే మా మాట" అంది పాటమ్మ.

"ఏ పాట?"

పాటమ్మ చెప్పింది. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని నేర్చుకున్నది. ప్రతి చరణం దేవుడి పేరుతోనే ముగుస్తుంది.

బొంగురక్క ముఖం వాడిపోయింది. "అమ్మాయీ, ఇంకేదైనా అడుగు. ఆ పేరు పైకి అననని మా వాళ్ల ముందు మాటిచ్చిన మనిషిని. నా గొంతు పోయినా ఆ మాట నాదేగా."

"సరే అక్కా" అంది పాటమ్మ. బతిమాలలేదు. తనని ఎవరైనా దేవుడి దగ్గర పాడకుండా ఉండమంటే ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు.

బతిమాలి ఉంటే బొంగురక్క కాదనేసి హాయిగా ఇంటికి పోయేదే. బతిమాలకపోవడం వల్ల అన్నం సహించలేదు. సాయంత్రం కింది అంతస్తు పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. గదిలో మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ అంతా చెప్పింది. పెద్దాయన ఒక్కటే అడిగాడు.

"ఆ గొంతు ఎవరిది?"

"ఆ అమ్మాయిదే."

"అయితే ఆ పిల్ల సామాను దాని తండ్రి దగ్గరికి మోసుకెళ్తున్నావు. మోయడం తప్పని మనకెవరూ చెప్పలేదు. ఇక ఆ పేరు అనడం, అనకపోవడం నీ నోటి సంగతి. నువ్వే చూసుకో."

మర్నాడు పనిలోకి రాగానే బొంగురక్క బల్ల మీదికి వంగింది. "పాట నేర్పు. పేరు వచ్చే చోట నేను ఆగుతాను. అది నువ్వు అను."

"ఈ గొంతుతోనా?"

"దానికేమొచ్చింది? ఇన్నేళ్లూ నేను బతికింది దాంతోనే."

పాటమ్మ నవ్వింది. గులకరాళ్లు కూడా నవ్వగలవని లాండ్రీకి అప్పుడే తెలిసింది. ఆ రోజంతా రోలర్ల చప్పుడులో పాఠం నడిచింది. గొంతు మారినా బొంగురక్కకి తాళం మారలేదు. చరణం ఎక్కడో ఎత్తుకుని ఇంకెక్కడో దింపేది. "అక్కా, అది పాట. మెట్లు దిగుతున్నట్టు పాడాలి, జారిపడినట్టు కాదు" అనేది పాటమ్మ. "పడితే నీ గొంతే పడుతుంది, నాకేం?" అనేది బొంగురక్క. పాటమ్మ నోట 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

పని ముగిశాక ఇద్దరూ పై వార్డుకి వెళ్లేసరికి తలుపు దగ్గర పాటమ్మ వాళ్ల బాబాయ్ అడ్డంగా నిలబడ్డాడు. అన్న పడిపోయాక పై అంతస్తు బాధ్యత ఆయన మీదే పడింది.

"విన్నాను. మన పాట కిందివాళ్ల నోటా? అదీ దేవుడి పేరు దగ్గర ఆపేసి? ఇన్నేళ్లు పైకప్పు పొడిచింది చాలక, ఇప్పుడు పాటకే చిల్లు పెడతారా?"

బొంగురక్క వెనక్కి తగ్గబోయింది. పాటమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, పేరు నేనంటాను. ఆవిడ తన మాట తప్పకుండానే నా కోసం ఇంతదూరం వచ్చింది. నీకు నచ్చకపోతే చెవులు మూసుకో. నాన్న చెవులు మాత్రం మూయకు."

బాబాయ్ మంచం వైపు చూశాడు. అన్న చెంపలు రెండూ లోపలికి పోయి ఉన్నాయి. పక్కకి జరిగాడు.

బొంగురక్క కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, ఒడిలో చేతులు ముడుచుకుని, మొదలుపెట్టింది. మొదటి చరణం కాస్త వణికింది. చివర ఆవిడ ఆగిపోయింది. ఆ ఖాళీలో పాటమ్మ దేవుడి పేరు అంది, బరువుగా, గరుకుగా. పక్క మంచాల వాళ్లు మాటలు ఆపారు. రెండో చరణానికి ముసలాయన కనురెప్పలు కదిలాయి. మూడో చరణానికి చేతి వేళ్లు దుప్పటి మీద తాళం వెతుక్కున్నాయి.

నాలుగో చరణం చివర బొంగురక్క ఆగింది. పాటమ్మ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. పేరు రాలేదు. ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. బొంగురక్క కంగారుగా పాటమ్మ వంక చూసింది. బాబాయ్ అందించబోయాడు. అంతలో మంచం మీదనుంచి, వంకరపోయిన పెదవి మధ్యనుంచి, సగం అక్షరాలు మింగేసి, ఆ పేరు వచ్చింది.

ముసలాయన కళ్లు తెరిచాడు. ముందు కూతుర్ని చూశాడు. పలకరించలేదు, బాగున్న చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. గొంతు వేరే మనిషి నోట వచ్చినా అది ఎవరిదన్న అనుమానం ఆయనకేమీ వచ్చినట్టు లేదు. తరవాత స్టూలు వైపు తిరిగాడు.

"ఎవరమ్మా?" ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అడిగాడు.

"కింది అంతస్తు అండీ" అంది బొంగురక్క ఆయన కూతురి గొంతుతో. అని, దాచడం ఎందుకనిపించి, "చీపురు కర్ర నేనే" అంది.

ముసలాయన ముఖంలో బాగున్న సగం నవ్వింది. "ఇన్నేళ్లూ నా పాటకి... బాగా తాళం వేశావు."

బాబాయ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇంకో చరణం పాడమంటారా?" అని అడిగింది బొంగురక్క.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపిరి తీసుకున్నాడు. "మా పద్ధతి అయింది. ఇప్పుడు మీ పద్ధతిలో... ఒక్కసారి."

బొంగురక్క మతం గురించి పైవాళ్లెవరైనా ఏమైనా అడగడం అదే మొదలు. ఆవిడ మెల్లగా నడుం నిటారుగా పెట్టి, కళ్లు మూసి, నోరు మూసుకుంది. పాటమ్మ ఆవిణ్ణి చూసి అలాగే కూర్చుంది. ఎలా కూర్చోవాలో తెలియక బాబాయ్ మంచం కాళ్ల వైపు నిలబడి తల దించాడు. వార్డులో ఒకరి తరవాత ఒకరు ఊరుకున్నారు. మందుల బండి తోసుకొస్తున్న నర్సు కూడా చక్రాలు చప్పుడు చేస్తాయని గుమ్మంలోనే ఆగింది. పుట్టినప్పటినుంచీ ప్రతి ఖాళీనీ పాటతో నింపేసిన పాటమ్మకి, ఏమీ అడగకుండా దేవుడి ముందు ఊరికే ఉండొచ్చని, అలా ఉంటే భుజాల బరువు తగ్గుతుందని ఆ కాసేపట్లో తెలిసింది.

కొంతసేపటికి ముసలాయన చెయ్యి పైకి లేచి, గ్లాసు పట్టుకున్నట్టు వంగింది. పాటమ్మ చెంచాతో నీళ్లు తీసి పెదవుల మధ్య పెట్టింది. ఎవరూ కదల్లేదు. నీళ్లు పక్కకి జారలేదు. ఆయన గొంతులో ముడి పైకి లేచి కిందికి దిగింది. ఆ నిశ్శబ్దంలో గుటక పడిన చప్పుడు వార్డంతా విన్నది.