పట్టుపురుగు గుండె

పీయూసీతో చదువు ఆగిపోయిన సుమ, పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచినాక ఆన్‌లైన్‌లో బీఎస్సీ చేరింది. తమ ఊరు క్యాసంబళ్ళిలో ఆవుల్నీ పట్టుపురుగుల షెడ్డునీ వదిలిపోకుండానే డిగ్రీ!

"ఫోన్లో వీడియోలు చూసేదే గదా. మల్బరీ ఆకు కోస్తా కోస్తా వినేస్తాను" అంది మొగుడు నందీశ్‌తో.

మొదటి వారమే ఆ భ్రమ వదిలింది. పాఠాలు విన్నది గానీ, వాటి కింద జవాబులు రాయాలని చూసుకోలేదు. గడువు దాటగానే ఆ పేజీ మూసుకుపోయింది. గుర్తుచేసేవాళ్ళు లేరు, కోప్పడేవాళ్ళూ లేరు. భయమేసి టీచరు మేధకు మెసేజ్ పెట్టింది. ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది.

"ఇక్కడ గంట కొట్టేవాళ్ళుండరు సుమా. టైము మీరే పెట్టుకోవాలి, అర్థంకానిది మీరే అడగాలి. అడిగితే మాత్రం నేనుంటాను."

ఆ రోజు నుంచి పాలు డెయిరీలో పోసి వచ్చి, తలుపేసుకుని చదువుకు కూర్చోవడం అలవాటు చేసుకుంది సుమ.

కొన్నాళ్ళకు మేధ ఒక పని ఇచ్చింది: చుట్టూ ఉండే ప్రాణుల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాని గుండె కొట్టుకోవడం కంటితో చూడాలి.

సుమ బాగా ఎదిగిన పురుగునొకదాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. మొదట ఏమీ కనబడలేదు. ఊపిరి బిగబట్టి చూసింది. తెల్లటి వీపు నడుమ, చర్మం కింద, సన్నని నీడ ఒకటి తోక నుంచి తల వైపు అలలా పారింది. ఆగింది. మళ్ళీ పారింది.

"అత్తా! తొందరగా రా!"

కాపురానికొచ్చిన నాటి నుంచి పురుగులు మేపుతున్న పిల్లమ్మ, ఆకు తట్ట దించి వచ్చి కళ్ళు చికిలించింది.

"ఏందమ్మా అది?"

"గుండె అత్తా. ఈపు పొడుగునా గుండేనంట."

"ఇన్నేండ్లూ నా చేతుల్లో ఇది కొట్టుకుంటానే ఉండిందా?" పిల్లమ్మ తాకబోయిన వేలు వెనక్కి తీసుకుంది.

తర్వాతి క్లాసులో మేధ ఆ పురుగును కెమెరాలో అందరికీ చూపించమంది. పిల్లమ్మే పురుగును అరచేతిలో పెట్టుకుని చేయి చాపింది. తెర మీది ముఖాలన్నీ ముందుకు వంగినాయి. చాంపియన్ రీఫ్స్ గని కూలీల లైన్లలో ఉండే అనిరుద్ధ క్లాసులో ఎప్పుడూ నోరు తెరవడు. అతనే మైకు ఆన్ చేసి, "మేడం, కొట్టుకుంటా ఉండాది!" అన్నాడు.

చాపి చాపి పిల్లమ్మ చేయి కిందికి వాలుతుంటే సుమ తన చేతిని దాని కింద ఆనించింది.