సరదా: ఐదు నుంచి ఏడు వరకు

నాలుగు నిమిషాలు, ఒకటి కాదు రెండు కాదు, నాలుగు నిమిషాలు ఆలస్యం, తను సీట్లో ఉన్న రోజుల్లో ఈ బస్సు ఇలా ఈడ్చుకుంటూ వచ్చి ఉంటే డ్రైవర్ని పిలిచి చెడామడా వాయించేసేవాడు, ఇప్పుడు అడిగేవాడెవడు, డిపోలో టైమ్‌టేబుళ్ళూ డ్రైవర్ల డ్యూటీలూ వేసే ఆ కుర్చీలో తన తర్వాత కూర్చున్నవాడికి అసలు గడియారం చూడ్డం వచ్చో రాదో, అయినా తనకెందుకు ఆ గొడవ, తను రిటైరయ్యాడు, నలభై తొమ్మిదేళ్ళకే, డిపో మొత్తంలో ఆ వయసుకి దర్జాగా గేటు దాటి బయటికి నడిచినవాడు తనొక్కడే, అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు, అలాంటివాడు ఇవాళ పదకొండు గంటల వేళ, ఇంట్లో కాళ్ళు చాపుకుని పుస్తకం చదువుకోవాల్సినవాడు, ఈ డొక్కు బస్సులో కిటికీ పక్కన పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడంటే దానికి కారణం ఒక్కటే, భార్య ఉద్యోగంలో చేరింది.

చేరింది, చెప్పకుండా చేరింది, లేదు చెప్పింది, మూడు వారాల కింద గిన్నెలు తుడుస్తూ, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా, కర్టెన్లు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించేవాళ్ళు కావాలటండీ, రేపట్నుంచి వెళ్తున్నాను అంది, పోనీలే, నాలుగు రోజులైతే మోజు తీరి అదే వస్తుందని ఊరుకున్నాడు, ఊరుకోవడమే పొరపాటైంది, ఇవాళ పొద్దున చెప్పులేసుకుంటూ ఏమంది, సాయంత్రం ఉద్యోగం కాగితాల మీద సంతకం పెడుతున్నానంది, రెండేళ్ళ ఒప్పందమట, రెండేళ్ళు, అతను నోరు తెరిచేలోగా తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయింది, అప్పట్నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది, సంతకం పెట్టనివ్వకూడదు, దుకాణంలో అందరి ముందూ అయినా సరే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చెయ్యాలి, అందుకే ఈ బస్సు, ఇది చూస్తే ప్రతి స్టాపులోనూ నిద్రపోతోంది.

ఇరవై రెండేళ్ళు, ఇరవై రెండేళ్ళు నోరు కట్టుకుని దాచిన డబ్బది, జుట్టు ఇంట్లోనే కత్తిరించుకున్నారు, ఒకళ్ళకొకళ్ళు, అతని వెనక జుట్టు ఎప్పుడూ మెట్లుమెట్లుగా ఉండేది, డిపోలో నవ్వేవాళ్ళు, నవ్వనీ, సినిమా లేదు, షికారు లేదు, పాత సోఫా మీద దుప్పటి కప్పుకుని అదే కొత్తదనుకున్నారు, యూనిఫారాలు కుట్టే కంపెనీలో కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి నిలబడి దాని పాదాలు రాత్రికి బూరెల్లా పొంగేవి, అందుకేగా, దాని కాళ్ళ కోసం కూడాగా, ఇద్దరం ఒకే రోజు మానేద్దాం అని తనే లెక్క వేసి చూపించాడు, ధరలు పెరుగుతాయని వేసుకున్నాడు, జబ్బులొస్తాయని వేసుకున్నాడు, ఇంటి పైకప్పు కారుతుందని కూడా వేసుకున్నాడు, అన్నీ పోను ఎనభై ఐదేళ్ళు వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ చిల్లిగవ్వ సంపాదించక్కర్లేదు, అంత పకడ్బందీ లెక్క, దాని మీద ఇదొచ్చి ముష్టి జీతానికి చేరడమంటే ఏమిటర్థం, మా ఆయన లెక్క తప్పింది చూడండహో అని ఊళ్ళో దండోరా వెయ్యడం కాదూ.

వేసింది కూడా, పది గంటలకి బామ్మర్ది ఫోన్, ఏం బావా, అడుగంటిందా, అక్కని పనికి పంపుతున్నావట, నాకో మాట చెప్తే నేను సర్దేవాణ్ణి కదా, వీడు, నెలాఖరు వస్తే పెట్రోలుకి తన దగ్గర చెయ్యి చాచే వీడు, తనకి సర్దుతాడట, ఆ మాట విన్నాక ఇంట్లో ఇంకెలా కూర్చుంటాడు, పదకొండుకి తెరవాల్సిన పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలో పడ్డాడు.

అసలు ఏం తక్కువ చేశాడని, ఇంకొకడైతే రిటైరై మంచం దిగేవాడు కాదు, తను అలా కాదు, రోజు పాడవకూడదని మొదటి వారమే కూర్చుని ఇద్దరికీ టైమ్‌టేబుల్ వేశాడు, ఆరూ పదికి నడక, ఏడింటికి టీ, తొమ్మిదికి మార్కెట్టు, ఆ వేళకైతే కూరలు చవక, పదకొండుకి చదువు, నాలుగింటికి పార్కు, శనివారం సరదా ఐదు నుంచి ఏడు వరకు, నెలకి రెండుసార్లు బయట కాఫీ, దానికి విడిగా పద్దు, ఎంత ముచ్చటగా వచ్చిందో, బస్సులకి కూడా అంత బాగా ఎప్పుడూ కుదర్లేదు, చూపిస్తే ఊఁ అంది, ఊఁ అంటే ఒప్పుకున్నట్టేగా, ఒప్పుకుని ఇదేం పని, ఒకసారి ముదురు ఎరుపు ముఖమల్ గుడ్డ అరమీటరు కొనుక్కొచ్చింది, ఎందుకే అంటే ఎందుకూ లేదు ముట్టుకుంటే బాగుందండీ అంది, సరే, దీన్ని ఏ పద్దులో రాయమంటావు అన్నాడు, మామూలుగానే అడిగాడు, కోపంగా కాదు, మర్నాడు అది తిరిగి ఇచ్చేసి రసీదు తెచ్చి అతని పుస్తకం మీద పెట్టింది, ఇచ్చెయ్యమని తనన్నాడా, అనలేదే, ఇంకోసారి పార్కులో ఎవరో ఇద్దరు చదరంగం ఆడుతుంటే చూస్తూ నిలబడిపోయింది, ఏడైంది పద అన్నాడు, అయిపోవచ్చిందండీ, ఎవరు గెలుస్తారో చూసి వెళ్దాం అంది, వచ్చే శనివారం చూద్దువుగానిలే అన్నాడు, అప్పుడు అతని మొహంలోకి ఒక్క చూపు చూసి వెంట నడిచింది, ఆ చూపు ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, ఛీ, ఈ కండక్టరొకడు, చిల్లర ఇవ్వడానికి ఇంతసేపా, దిగాలి, స్టాపొచ్చింది.

దుకాణం గాజు తలుపు తోశాడు, లోపల ఇస్త్రీ ఆవిరి వాసన, గోడల నిండా గుడ్డల చుట్టలు, ఆ చివర పొడుగాటి బల్ల, బల్ల మీద ఎక్కి కూర్చుని కాళ్ళూపుతూ బిస్కెట్టు తింటోంది, తన భార్యే, మెడలో టేపు, ఒడి నిండా దారప్పోగులు, పక్కన కళ్ళద్దాల టైలరమ్మ ఏదో అంటుంటే నోరంతా తెరిచి నవ్వుతోంది, పొడి రాలుతున్నా పట్టించుకోకుండా, ఏం నవ్వది, ఇంట్లో ఎప్పుడైనా అలా నవ్విందా, కాళ్ళు నొప్పులన్నది ఈ మనిషేనా, యజమానురాలు ఎదురొచ్చి కిటికీ కొలతలు తెచ్చారాండీ అని అడిగింది, కొలతలూ లేవు గిలతలూ లేవు, ఆవిడ మా ఆవిడ, అని కాస్త గట్టిగానే అన్నాడు, అంతే, బల్ల మీద కాళ్ళు ఆగిపోయాయి, బిస్కెట్టు ముక్క పక్కన పెట్టేసి దిగింది, ఒడి దులుపుకుని వచ్చింది, టైలరమ్మ తల వంచుకుని మిషను తొక్కడం మొదలెట్టింది.

ఏం తక్కువైందని నీకు, మీ తమ్ముడి చేత కూడా మాటపడ్డాను, ఎనభై ఐదేళ్ళ దాకా కూర్చుని తినేంత ఉందే మనకి, నీకు లెక్క అర్థం కాకపోతే మళ్ళీ చెప్తాను అన్నాడు, దారంతా కూడగట్టుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి, తక్కువేం కాలేదండీ, లెక్క నాకు తెలుసు, అంది, మరి ఈ ముష్టి జీతమెందుకు, అంటే, జీతం మీకే ఇచ్చేస్తాను, ప్రతి నెలా మొత్తం, ఏ పద్దులో కావాలంటే ఆ పద్దులో రాసుకోండి, అదీ చాలదంటే నా పేరున దాచినదాంట్లోంచి కూడా తీసుకోండి, నన్ను మాత్రం ఐదున్నర దాకా ఇక్కడ ఉండనివ్వండి, అంది, అందులో కోపం లేదు, వెటకారం లేదు, రెండు చేతులూ ముందుకి కట్టుకుని, చూపు అతని చొక్కా రెండో గుండీ మీద పెట్టి, గొంతు తగ్గించి అంది.

తిట్టడానికి నోరు తెరిచాడు, కానీ ఆ గొంతు అతనికి తెలుసు, బాగా తెలుసు, డిపోలో తన బల్ల ముందు డ్రైవర్లు అచ్చం ఇలాగే నిలబడేవాళ్ళు, చేతులు కట్టుకుని, గుండీ వంక చూస్తూ, సార్ ఒక్క పూట సెలవు ఇప్పించండి, కావాలంటే జీతం కోసుకోండి సార్ అని, అతను తలెత్తకుండానే చూద్దాంలే అనేవాడు, వాళ్ళు వెళ్ళకుండా అక్కడే నిలబడేవాళ్ళు, ఇదిగో ఇప్పుడు ఇది నిలబడ్డట్టే, వెనక మిషను ఆగింది, యజమానురాలు ఇద్దరి వంకా చూస్తోంది, అందరూ అతనేమంటాడా అని చూస్తున్నారు, కోపం ఇంకా ఉంది గానీ ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు, సెలవడుగుతోంది, కట్టుకున్న పెళ్ళాం తనని సెలవడుగుతోంది, ఏడు నెలల కింద ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగాలు మానేశారనుకున్నాడు, మానేసింది తనొక్కడే, ఆ మర్నాటి నుంచీ ఆమె అతని కింద పనిచేస్తోంది.